అడగని మనిషికే ఈ పని అప్పగించండి

ప్రశ్న: మా సంస్థలో సుమారు 400 మంది పనిచేస్తున్నాం. సగానికి పైగా ఉత్పత్తి విభాగంలో మూడు షిఫ్టుల్లో ఉంటారు, మిగిలినవారు కార్యాలయ సిబ్బంది. ఏడాదిగా అనారోగ్య సెలవులు బాగా పెరిగాయి. అనుభవం ఉన్నవారు కొందరు ఉద్యోగం మానేశారు. ఉద్యోగుల శారీరక, మానసిక ఆరోగ్యం కోసం ఒక వెల్‌నెస్ కార్యక్రమం మొదలుపెట్టాలని, దానిని నడిపే వ్యక్తిని రెండు నెలల్లో ఎంపిక చేయాలని యాజమాన్యం మానవ వనరుల విభాగంలో ఉన్న నాకు చెప్పింది. అమ్మకాల విభాగంలో మారథాన్ పరుగులు తీసే ఒక యువకుడు తనకు అవకాశం ఇవ్వమని స్వయంగా అడిగాడు. స్టోర్స్‌లో 18 ఏళ్లుగా పనిచేస్తున్న ఒకావిడ ఉన్నారు. అందరూ కష్టసుఖాలు ఆమెకే చెప్పుకుంటారు, కానీ ఆమెకు ఈ రంగంలో చదువు లేదు, పైగా ఆమెకే షుగర్ ఉంది. మొత్తం బాధ్యత తామే తీసుకుంటామని బయటి సంస్థ ఒకటి ముందుకొచ్చింది. ఇవేవీ కాక నేనే నడిపితే మంచిదా అని కూడా అనిపిస్తోంది. మీరైతే ఎవరిని ఎంపిక చేస్తారు?
ఒక పాఠకురాలు

సమాధానం: నమస్కారం. మీ ఉత్తరంలో స్టోర్స్‌లో పనిచేసే ఆవిడ గురించి రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆ వాక్యంలో "కానీ"కి ముందున్న మాటే ఈ బాధ్యతకు అసలైన అర్హత అని, తరువాత మీరు చూపిన రెండు లోపాల్లో ఒకటి శిక్షణతో తీరేదని, రెండవది అసలు లోపమే కాదని నా అభిప్రాయం. కాబట్టి నేనైతే ఆవిడనే ఎంపిక చేస్తాను. అయితే ఇప్పుడు చేస్తున్న పని మీద ఈ పనిని కూడా వేసి వదిలేసేటట్లయితే మాత్రం నా సలహాను పాటించకండి, ఎందుకంటే ఏడాది తిరిగేసరికి అనారోగ్య సెలవు పెట్టేవారి జాబితాలో ఆవిడ పేరు కూడా చేరుతుంది.

ఇలా ఎందుకు అంటున్నానో వివరించాలంటే, ఇటువంటి కార్యక్రమాలు ఎక్కడ దెబ్బతింటాయో ముందుగా చెప్పాలి. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఇటువంటి కార్యక్రమం నిజంగా పనిచేస్తుందా అని తేల్చడానికి 2016లో అక్కడి ఉద్యోగులతోనే ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. పిలుపు అందుకున్న 12,000 మందికి పైగా ఉద్యోగుల్లో సుమారు 4,800 మంది ముందుకొచ్చారు. వారిలో ఎవరికి కార్యక్రమంలో చోటు దక్కాలో, ఎవరికి దక్కకూడదో లాటరీ పద్ధతిలో తేల్చారు. రెండేళ్లు గడిచాక చూస్తే చోటు దక్కినవారికీ దక్కనివారికీ మధ్య వైద్య ఖర్చులో గానీ, అలవాట్లలో గానీ, పనికి రాకపోవడంలో గానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆరోగ్య పరీక్షలు చేయించుకునేవారి సంఖ్య మాత్రం పెరిగింది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచినది మరొకటి ఉంది. కార్యక్రమంలో చురుకుగా పాల్గొన్నవారిలో ఎక్కువమంది అది మొదలు కాకముందు నుంచే వైద్య ఖర్చు తక్కువగా, అలవాట్లు మెరుగ్గా ఉన్నవారు. అంటే తలుపు తెరిచి రమ్మంటే, వచ్చే అవసరం అంతగా లేనివారే ముందుగా వస్తారు, రావలసినవారు రారు. వారు రాకపోవడానికి బద్ధకమే కారణమని అనుకుంటాం గానీ, తీరిక లేకపోవడం, సిగ్గు, తన జబ్బు సంగతి పై అధికారికి తెలుస్తుందేమోనన్న భయం, ఇదంతా మనకోసం కాదులే అన్న అనుమానం ఎక్కువగా పనిచేస్తాయి. ఈ కార్యక్రమాన్ని నడిపే వ్యక్తిని ఎంపిక చేయడమంటే, రానివారి దగ్గరికి వెళ్లగలిగేది ఎవరో, వెళ్తే తలుపు తీసేది ఎవరికో తెలుసుకోవడమే.

ఇక మీ యాజమాన్యం చేతిలో ఈపాటికే ఉండి ఉండగల ఒక అంకె గురించి చెప్పాలి. ఇటువంటి కార్యక్రమం మీద ఒక డాలరు ఖర్చు పెడితే వైద్య ఖర్చులో సుమారు 3.27 డాలర్లు మిగులుతాయని 2010లో క్యాథరిన్ బేకర్, డేవిడ్ కట్లర్, జిరుయి సాంగ్ అనే పరిశోధకులు అంతకుముందు వెలువడిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. బయటి సంస్థలు తమ ప్రతిపాదనల్లో ఆ అంకెను ఇప్పటికీ ఇష్టంగా వాడుకుంటాయి. ఆ ముగ్గురిలో ఇద్దరు, సాంగ్, బేకర్, తరువాత ఒక పెద్ద టోకు వ్యాపార సంస్థకు చెందిన 160 కేంద్రాల్లో, సుమారు 33,000 మంది ఉద్యోగుల మధ్య, 20 కేంద్రాలను లాటరీ ద్వారా ఎంచి 18 నెలలపాటు కార్యక్రమం నడిపించి చూశారు. 2019లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నామని, బరువు అదుపులో పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నామని చెప్పినవారు ఆ 20 కేంద్రాల్లో ఎక్కువగా ఉన్నారు. కానీ రక్తపోటు, కొలెస్ట్రాల్, వైద్య ఖర్చు, గైర్హాజరు, పనితీరు వీటిలో వేటిలోనూ చెప్పుకోదగిన మార్పు లేదు. తమ పాత లెక్కను తామే కఠినమైన పరీక్షకు పెట్టి, వచ్చిన ఫలితాన్ని దాచకుండా ప్రకటించిన ఆ ఇద్దరి నిజాయితీ నాకు నచ్చింది. మీకు దీనివల్ల కలిగే ఉపయోగం ఏమిటంటే, ఎంపికయ్యే వ్యక్తి తలమీద "ఏడాదిలో ఖర్చు ఇంత తగ్గించాలి" అన్న లక్ష్యాన్ని పెట్టకుండా ముందే అడ్డుకోవచ్చు. ఆ లక్ష్యం పెట్టిన రోజున ఎంత మంచి మనిషైనా ఉద్యోగుల వైపు చూడడం మాని లెక్కల వైపు చూడడం మొదలుపెడతారు.

మరి సెలవులు ఎందుకు పెరిగాయి, మనుషులు ఎందుకు మానేస్తున్నారు అన్న ప్రశ్నకు జవాబు తరచుగా ఉద్యోగి అలవాట్లలో కంటే పని నడిచే తీరులో దొరుకుతుంది. బ్రిటన్‌లో 1985లో మొదలై పదివేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన రెండవ వైట్‌హాల్ అధ్యయనంలో, తమ పని మీద తమకు పట్టు తక్కువగా ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. బ్రిటన్‌లోనే 233 సంస్థలకు చెందిన 46,000 మందికి పైగా ఉద్యోగుల సమాధానాలను పరిశీలించి 2024లో వెలువరించిన మరో అధ్యయనంలో, ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, ధ్యానపు తరగతులు, ఫోన్ యాప్‌ల వంటివాటిలో పాల్గొన్నవారి మానసిక స్థితి పాల్గొననివారి కంటే మెరుగ్గా ఏమీ లేదని తేలింది. షిఫ్టుల పట్టిక ముందురోజు సాయంత్రం వరకు బయటికి రాని చోట, రాత్రి షిఫ్టు ముగిసిన ఎనిమిది గంటలకే మళ్లీ రమ్మనే చోట ధ్యానపు తరగతి పెట్టడం పుండొకచోట ఉంటే మందొకచోట రాయడం లాంటిది. మీ సంస్థలో సంగతి ఇదేనో కాదో నాకు తెలియదు. ఇటువంటిది ఉంటే దానిని కనిపెట్టి, యాజమాన్యం ముఖం మీద మర్యాదగా, ఆధారాలతో చెప్పగలిగే మనిషి మీకు కావాలి. ఇది వ్యాయామం నేర్పే ఉద్యోగం కంటే రాయబారం నడిపే ఉద్యోగానికి దగ్గరగా ఉంటుంది.

ఈ వెలుగులో ఆ యువకుడి విషయం చూద్దాం. అతని ఉత్సాహాన్ని తక్కువ చేయను. స్వయంగా ముందుకొచ్చినవాడిని తోసిపుచ్చడం అన్యాయం కూడా. కానీ పరుగు తెచ్చే ఆనందం తెలిసినవారికి ఆ ఆనందం అందరికీ అందుబాటులోనే ఉందనిపించడం సహజం. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఇటువంటి ఉత్సాహవంతుడే అడుగుల పోటీ పెట్టి, ఎవరు రోజుకు ఎన్ని అడుగులు నడిచారో వరుస క్రమంలో నోటీసు బోర్డు మీద పెట్టేవాడు. పై ఐదు పేర్లు ప్రతి వారం ఆ ఐదుగురివే. అట్టడుగున ఉన్న పేరు ఒక సహోద్యోగినిది. ఎందుకు నడవలేకపోతున్నదో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. నాలుగు వారాలు వేళాకోళం భరించిన తరువాత, నడకతో సంబంధం లేని ఆరోగ్య పరీక్షల శిబిరానికి కూడా ఆమె రాలేదు. ఆ శిబిరం నిజానికి ఆమె వంటివారి కోసమే పెట్టారు. పోటీ పెట్టినవాడికి చెడ్డ ఉద్దేశం ఏ కోశానా లేదు, అతనికి ఆ కోణం తట్టలేదు, అంతే. మీ యువకుడికి పరుగు బృందాన్ని అప్పగించండి, దానికి కావలసిన సమయం, సౌకర్యం ఇవ్వండి, అది మొత్తం కార్యక్రమంలో ఒక భాగమని మొదటే స్పష్టంగా చెప్పండి. ఈ మాటను ఎంపిక ప్రకటన వెలువడక ముందే, మీరే అతన్ని కూర్చోబెట్టుకుని చెప్పడం మంచిది. నోటీసు చూసి తెలుసుకుంటే సహకరించవలసినవాడు అలిగి దూరమవుతాడు.

బయటి సంస్థ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. ఆరోగ్య పరీక్షలకు, అర్హత ఉన్న కౌన్సెలర్లకు, వైద్య సలహాకు బయటివారు కావాలి, ఆ మేరకు ఒప్పందం చేసుకోండి. ఉద్యోగుల వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, ఒప్పందం ముగిశాక వాటిని ఏం చేస్తారు అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పగ్గాలు మాత్రం లోపలివారి చేతిలోనే ఉండాలి, ఎందుకంటే నెలకు రెండుసార్లు వచ్చి వెళ్లేవారికి షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నడిచే మాటలు వినపడవు.

మీరే నడపడం గురించి అడిగారు కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను: వద్దు. అది మీ సామర్థ్యం మీద అనుమానంతో అంటున్న మాట కాదు. సెలవు మంజూరు చేసేదీ, హెచ్చరిక ఉత్తరం ఇచ్చేదీ, జీతం పెంపు ఫైలు కదిపేదీ మీ బల్ల మీదనే. ఆ బల్లకు ఇవతల కూర్చుని "నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, భయం వేస్తోంది" అని చెప్పడం, మీరు ఎంత దయగలవారైనా, ఉద్యోగికి కష్టం. మీరు ఈ కార్యక్రమానికి చేయగలిగిన పెద్ద మేలు, దాని మీద మీ విభాగపు నీడ పడకుండా చూడడం.

ఇక ఆవిడ సంగతి. "అందరూ ఆమెకే చెప్పుకుంటారు" అన్న మాటను మీరు కూడా గుడ్డిగా నమ్మకండి. ఆ "అందరూ" మీకు కనిపించే పగటి షిఫ్టువారే కావచ్చు. ప్రతి షిఫ్టులోనూ, ప్రతి విభాగంలోనూ పేర్లు రాయనక్కరలేని చిన్న కాగితాలు పంచి రెండే ప్రశ్నలు అడగండి. మీకు ఒక సొంత సమస్య వస్తే ఇక్కడ పనిచేసేవారిలో ఎవరితో చెప్పుకుంటారు? పై అధికారులకు నచ్చని నిజం ఒకటి చెప్పవలసి వస్తే ఎవరిని ముందు నిలబెడతారు? మొదటి ప్రశ్నకు వచ్చే పేర్లు నమ్మకాన్ని, రెండవదానికి వచ్చే పేర్లు ధైర్యాన్ని చూపుతాయి. రెండింటిలోనూ ఒకే పేరు వస్తే మీ వెతుకులాట దాదాపు ముగిసినట్లే. ఆవిడ పేరు పగటి షిఫ్టులో వచ్చి రాత్రి షిఫ్టులో రాకపోతే ఆవిడను వదులుకోనక్కరలేదు. రాత్రి షిఫ్టువారు రాసిన వ్యక్తిని ఆవిడకు తోడుగా పెట్టండి. మీరు ఊహించని మూడవ పేరు ఏదైనా బలంగా వస్తే నా సలహాను పక్కన పెట్టి ఆ పేరు వెంట వెళ్లండి. అటువంటి పేరు ఒక్కోసారి కాపలాదారుదీ కావచ్చు, డ్రైవరుదీ కావచ్చు.

తరువాత ఆవిడతో మాట్లాడండి, కానీ దానిని ఇంటర్వ్యూ అనకండి. డిగ్రీలు, పదజాలం అడగడం మాని, జరగడానికి అవకాశం ఉన్న సందర్భాలు చెప్పి ఏం చేస్తారో అడగండి. ఒక సూపర్‌వైజర్ వచ్చి "మా విభాగంలో ఫలానా అతను కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాడా?" అని మంచి మనసుతోనే అడిగితే ఏం చెబుతారు? "వెళ్తున్నాడు గానీ ఎవరికీ చెప్పకండి" అనేవారు ఈ పనికి పనికిరారు. "వెళ్లడం లేదు" అని అబద్ధమాడేవారితోనూ చిక్కే. "ఎవరు వెళ్తున్నారో, ఎవరు వెళ్లడం లేదో నేను ఎవరికీ చెప్పను, మీ గురించి అడిగినా చెప్పను" అన్న జవాబు రావాలి. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అన్న సామెతకు ఈ ఉద్యోగం కంటే సరిపోయే చోటు నాకు తోచడం లేదు. ఒక్క మాట బయటపడితే 400 మంది నోళ్లు మూతపడతాయి. బరువు తగ్గేవారికి బహుమతి అని యాజమాన్యం ప్రకటించమంటే ఏం చేస్తారు? ఆరు నెలలు గడిచినా పట్టుమని పదిమంది రాకపోతే ఎవరిని అడుగుతారు? ఇవి కూడా అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక ఉద్యోగి వచ్చి "బతకాలని లేదు" అంటే ఏం చేస్తారో అడగండి. "నేను ధైర్యం చెప్పి పంపుతాను" అన్నది మంచి మనసున్న జవాబే గానీ సరైన జవాబు కాదు. గోప్యతకు మినహాయింపు ఉండవలసిన చోటు ఇదే: ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, వెంటనే వైద్య నిపుణుల సహాయం అందేటట్లు చూడాలి, ఆ సంగతి ఆ మనిషికి కూడా దాచకుండా చెప్పాలి. తాను వైద్యురాలిని కానని, కౌన్సెలర్‌ని కానని, తన పని వినడం, సరైన చోటికి చేర్చడం అని ఆవిడకు స్పష్టంగా తెలిసి ఉండడం చాలా అవసరం. ఇది తెలియనివారి దగ్గర మంచితనం కూడా ప్రమాదకరం కావచ్చు. శిక్షణ ఇప్పించవలసిన మొదటి విషయం కూడా ఇదే.

షుగర్ గురించి ఒకే మాట. షిఫ్టు పనిలో వేళకు మందు వేసుకోవడం, వేళకు తినడం ఎంత కష్టమో ఆవిడకు చెప్పవలసిన పని లేదు. నోటీసు బోర్డు మీద నవ్వుతూ కనిపించే ఆరోగ్యవంతుల బొమ్మల కంటే, జబ్బుతో పని చేసుకుంటూ నెట్టుకొస్తున్న మనిషి చెప్పే మాట రానివారి చెవికి త్వరగా ఎక్కుతుంది. అయితే తన జబ్బు సంగతిని వేదిక మీద చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా ఆవిడ ఇష్టం. దానిని ప్రచారానికి వాడుకోవాలన్న ఆలోచన ఎవరికి వచ్చినా మీరే ఆపండి.

ఎంపిక కంటే కష్టమైన పని ఆ తరువాత మొదలవుతుంది, అది ఆవిడది కాదు, మీది. నియామక ఉత్తరంలో కొన్ని మాటలు రాయించుకోలేకపోతే ఎంపిక ఎంత సరిగ్గా జరిగినా ఫలితం ఉండదు. వారంలో కనీసం సగం పనిగంటలు ఈ బాధ్యతకే కేటాయించాలి, ఆ మేరకు స్టోర్స్‌లో మరొకరిని పెట్టాలి. "తీరిక చూసుకుని చేయండి" అన్న మాట దగ్గరే చాలా కార్యక్రమాలు చచ్చిపోతాయి. ఆవిడ మీ విభాగానికి గానీ స్టోర్స్ అధికారికి గానీ కాక నేరుగా సంస్థ అధిపతికి నివేదించాలి. ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునేందుకు చిన్నదైనా సొంత బడ్జెట్ ఉండాలి. ఉద్యోగుల ఆరోగ్య వివరాలు పేర్లతో సంస్థకు ఏ రూపంలోనూ చేరకూడదు. మొత్తం అంకెలు మాత్రమే చేరాలి, అవి కూడా ఐదారుగురు ఉన్న విభాగాలకు విడిగా ఇవ్వకూడదు, ఎందుకంటే అంతమందిలో పేరు లేకపోయినా ఎవరిదో ఊహించడం సులభం. మొదటి మూడు నెలలు ఏ తరగతీ, ఏ పోటీ, ఏ శిబిరమూ మొదలుపెట్టకుండా మూడు షిఫ్టుల్లోనూ తిరిగి వినడానికే కేటాయించాలి. యాజమాన్యానికి ఈ చివరి షరతే మింగుడుపడదు. ప్రారంభోత్సవం, ఫొటో, బ్యానరు లేకుండా మూడు నెలలు డబ్బు ఖర్చవుతోందని వారికి అనిపిస్తుంది. ఆ సమయంలో వారికి చూపించడానికి, ఏ షిఫ్టులో, ఏ విభాగంలో, ఏ నెలలో సెలవులు ఎక్కువగా పడ్డాయో, మానేసినవారు ఎక్కడినుంచి మానేశారో మీ దగ్గరున్న రికార్డుల నుంచే పేర్లు లేకుండా ఒక పట్టిక తయారుచేయండి. ఆవిడ విని వచ్చిన మాటలను ఆ పట్టిక పక్కన పెడితే ఎక్కడ మొదలుపెట్టాలో యాజమాన్యానికే కనిపించవచ్చు.

ఆవిడ ఈ పని కావాలని అడిగినట్లు మీరు రాయలేదు. అందువల్ల మీరు వెళ్లి చెప్పగానే ఆశ్చర్యపడి, "నాకెందుకండీ ఇవన్నీ" అనవచ్చు. బలవంతం చేయకండి, పొగడ్తలతో ఒప్పించకండి. కాగితాల మీద ఎన్ని పేర్లు వచ్చాయో చూపించి, వారం రోజులు ఆలోచించుకోమని చెప్పి రండి. వారం తరువాత ఆవిడ కాదంటే ఆ మాటను గౌరవించి, కాగితాల్లో రెండవ పేరు దగ్గరికి వెళ్లండి. ఒప్పుకుంటూ షరతులు పెడితే మాత్రం అక్కడే కూర్చుని వాటిని ఆవిడ మాటల్లోనే రాసుకోండి. నేను పైన చెప్పిన షరతులకూ ఆవిడ చెప్పేవాటికీ తేడా వస్తే ఆవిడవే ఉంచి, నావి కొట్టేసి, ఆ కాగితంతో యాజమాన్యం దగ్గరికి వెళ్లండి.